ప్రేమలో పడ్డామని ఆలస్యంగా ఎందుకు తెలుస్తుంది?

ప్రేమ గురించి చెప్పమంటే చాలామంది "అస్సలు అనుకోలేదు" అనే మొదలుపెడతారు. రెండేళ్లుగా పక్క సీట్లో పనిచేస్తున్న మనిషికి బదిలీ అయిందని తెలిసిన రోజు అన్నం సహించదు. కోచింగ్ సెంటర్లో నోట్సులు పంచుకున్న స్నేహితుడికి సంబంధం కుదిరిందని వినగానే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. పెద్దలు చూసిన సంబంధానికి మామూలుగా సరేనన్న అమ్మాయి, నిశ్చితార్థమైన నెలన్నరకల్లా ఫోను మోగగానే వేరే గదిలోకి వెళ్లిపోతుంటుంది. ఎప్పుడు మొదలైందని అడిగితే ముగ్గురి దగ్గరా సమాధానం ఉండదు.

ఉండకపోవడంలో వింతేమీ లేదు. ఇలాంటి ప్రేమకు రెండు దశలుంటాయి. మొదటిది పేరుకునే దశ. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, మన ధ్యాస పడకుండానే సాగుతుంది. రెండోది పొంగే దశ. ఏదో ఒక సంఘటన వల్ల విషయం మనకు తెలిసిపోయాక మొదలవుతుంది. నిద్ర పట్టనిదీ, ఆకలి తప్పేదీ, ఫోను చేతిలోంచి దిగనిదీ అప్పుడే. మనం ప్రేమ అని పేరు పెట్టేది రెండోదానికి. నిజానికి ఎదుటి మనిషి గురించి పనికొచ్చే సమాచారమంతా మొదటి దశలోనే చేరి ఉంటుంది. ఈ తేడా గట్టిగా పట్టుకుంటే తర్వాత తీసుకోవలసిన నిర్ణయాలు చాలావరకు తేలికవుతాయి.

రోజూ కనబడటం చేసే పని

అమెరికాలోని ఎంఐటీలో చదివే పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన వెస్ట్‌గేట్ అనే ఇళ్ల సముదాయంలో ఎవరికి ఎవరితో స్నేహం కుదిరిందో లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బాక్ అనే ముగ్గురు పరిశోధకులు లెక్కగట్టి 1950లో ప్రచురించారు. ఇళ్లు కేటాయించినప్పుడు ఎవరు ఎవరి పక్కన ఉండాలో అక్కడివాళ్లు ఎంచుకోలేదు. అయినా ఒకే అంతస్తులో గోడకు గోడ ఉన్నవాళ్లలో 41 శాతం ఒకరినొకరు దగ్గరి స్నేహితులుగా చెప్పుకుంటే, అదే అంతస్తు రెండు చివర్లలో ఉన్నవాళ్లలో 10 శాతమే అలా చెప్పుకున్నారు. మధ్యలో దూరం కొన్ని గుమ్మాలు మాత్రమే. మెట్ల దగ్గర, పోస్టు డబ్బాల దగ్గర ఉండేవాళ్లకు పై అంతస్తు స్నేహాలు కూడా కలిశాయి. అది స్నేహాల లెక్కే గానీ, ప్రేమ మొదలయ్యే చోటు కూడా చాలాసార్లు అదే.

పదే పదే ఎదురుపడటం ఎంత పనిచేస్తుందో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మోర్‌లాండ్, స్కాట్ బీచ్ చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా చూపించింది. 1992లో వచ్చిన ఆ అధ్యయనంలో రూపురేఖల్లో పెద్దగా తేడా లేని నలుగురు యువతులను ఒక తరగతికి పంపారు. ఒకరు ఒక్కసారీ వెళ్లలేదు. మిగతావాళ్లు వరసగా 5 సార్లు, 10 సార్లు, 15 సార్లు వెళ్లారు. ఎవరితోనూ మాట్లాడలేదు, వెళ్లి కూర్చుని వచ్చేశారంతే. సెమిస్టరు చివర ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినామే ఎక్కువ ఆకర్షణీయంగా ఉందని విద్యార్థులు చెప్పారు. ఆమెను ఇంతకుముందు చూసిన గుర్తు మాత్రం వాళ్లలో చాలామందికి సరిగ్గా లేదు. పరిచయం పెరిగినట్టు మనకు తెలియనక్కర్లేకుండానే ఇష్టం పెరుగుతుందన్నమాట. "ఎప్పుడో తెలియదు" అనే మాటకు ఇది మొదటి ఆధారం.

రెండో ఆధారం కబుర్లలో ఉంది. ఆర్థర్ ఆరన్ బృందం 1997లో, ముక్కూ మొహం తెలియని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి 36 ప్రశ్నలున్న చీటీలు ఇచ్చింది. పన్నెండేసి చొప్పున మూడు వరసలు, ఒక్కో వరసకు 15 నిమిషాలు, మొత్తం 45 నిమిషాలు. మొదటి వరస పైపై ప్రశ్నలు. పోనుపోను అమ్మతో ఎలా ఉంటావు, చివరిసారి ఎవరి ముందు ఏడ్చావు లాంటివి. ఊరికే పిచ్చాపాటీ మాట్లాడుకున్న జంటలకంటే వీళ్లు బాగా ఎక్కువ దగ్గరితనం కలిగినట్టు చెప్పారు. అది "ప్రేమ పుట్టించే ప్రశ్నావళి"గా ప్రచారమైంది కానీ పరిశోధకులు కొలిచింది దగ్గరితనాన్ని. అక్కడ అసలు పనిచేసినవి రెండు: లోతు మెల్లగా పెరగడం, ఒకరు చెప్పాక రెండోవాళ్లు కూడా చెప్పడం. ఇద్దరు ఉద్యోగులు రోజూ సాయంత్రం టీ దగ్గర పదిహేను నిమిషాలు మాట్లాడుకుంటే ఇదే జరుగుతుంది. మొదట మేనేజరు గురించి, తర్వాత ఇంటి ఈఎంఐ గురించి, ఆరు నెలలకు నాన్న ఆరోగ్యం గురించి. ప్రయోగశాలలో ముప్పావుగంటలో నడిచిన దారిలోనే ఇక్కడ ఏడాది నడుస్తారు.

కెనడా, అమెరికాల్లో దాదాపు 1,900 మంది సమాచారంతో డానూ స్టిన్సన్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో మూడింట రెండు వంతుల జంటలు మొదట స్నేహితులే. అందులో విద్యార్థుల జంటలను విడిగా అడిగితే, ప్రేమగా మారేలోపు ఆ స్నేహం సగటున 22 నెలలు నడిచింది. ఎక్కువమంది ఆ స్నేహాన్ని ప్రేమ కోసమని మొదలుపెట్టలేదు. కాబట్టి "అనుకోకుండా" అన్నది అరుదైన దారేమీ కాదు, ఎక్కువమంది నడిచిన దారి అదే.

పేరుకునే దశను బయటినుంచి గుర్తుపట్టే సూచనలు కొన్ని ఉన్నాయి. మంచి వార్తో చెడ్డ వార్తో తెలిసినప్పుడు ముందు చెప్పాలనిపించే మనిషి మారిపోతారు. వాళ్లు సెలవు పెట్టిన రోజు ఆఫీసు బోసిగా అనిపిస్తుంది గానీ కారణం తట్టదు. వాళ్ల ఊతపదాలు మన నోట్లోకి వస్తాయి. వాళ్లు వినే పాటలు మన ఫోనులోకి చేరతాయి. ఇది ఊహ మాత్రమే కాదు. 325 మంది విద్యార్థులను పది వారాలపాటు, రెండున్నర వారాలకొకసారి "నువ్వెవరు?" అని అడిగి రాయించినప్పుడు, ఆ మధ్యలో ప్రేమలో పడినవాళ్లు తమ గురించి తాము చెప్పుకునే విషయాల రకాలు పెరిగినట్టు ఆరన్ బృందం 1995లో చూపింది. మరొకరి ఆసక్తులు మన "నేను"లోకి వచ్చి చేరతాయి.

వెంటపడితే ఎందుకు పనిచేయదు

రోజూ కనబడితే ఇష్టం పెరుగుతుందన్న మాట వినగానే కొందరికి ప్రమాదకరమైన ఆలోచన వస్తుంది: అయితే రోజూ కాలేజీ గేటు దగ్గర నిలబడితే సరిపోతుంది కదా అని. మన సినిమాలు దశాబ్దాలుగా నేర్పిన పాఠమూ ఇదే. ఇది శాస్త్రం ప్రకారం కూడా తప్పు. ఎదురుపడటం వల్ల ఇష్టం పెరిగేది మొదటి అభిప్రాయం తటస్థంగానో మంచిగానో ఉన్నప్పుడు. మొదటే అయిష్టం, భయం కలిగి ఉంటే మళ్లీ మళ్లీ కనబడే కొద్దీ అవే ముదురుతాయి. మోర్‌లాండ్ ప్రయోగంలో ఆ యువతులు ఎవరినీ చూడటానికి వెళ్లలేదు, ఎవరి దారికీ అడ్డు నిలబడలేదు. మెట్ల దగ్గర ఎదురయ్యే పొరుగువాడికీ, మెట్ల దగ్గర కాపు కాసేవాడికీ ఎదుటి మనిషి శరీరం ఇచ్చే స్పందన పూర్తిగా వేరు.

అమ్మాయి తన అయిష్టాన్ని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడటం, ఫోన్లో, ఇంటర్నెట్లో గమనిస్తూ ఉండటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా.

బయటపడే క్షణం

ఇంతకాలం నిశ్శబ్దంగా ఉన్నది ఒక్క రోజులో ఎలా బయటపడుతుంది? మూడు రకాల సందర్భాలు ఎక్కువ.

అన్నిటికంటే బలమైనది, ఎదుటివాళ్లకు మనమంటే ఇష్టమని తెలియడం. ప్రేమలో పడిన అనుభవాలను రాయించి విశ్లేషించిన 1989 నాటి అధ్యయనంలో (ఆరన్, డటన్ తదితరులు) తరచుగా కనిపించిన కారణాలు రెండు: ఎదుటివాళ్లు మనల్ని ఇష్టపడుతున్నారన్న సంకేతం, వాళ్లలో మనకు నచ్చే గుణాలు. ఒక చూపు, మనం ఎప్పుడో అన్న మాటను వాళ్లు గుర్తుపెట్టుకోవడం, జ్వరమని తెలిసి ఎవరూ చెప్పకుండానే మందులు తెచ్చివ్వడం. అంతవరకూ పేరుకున్నదానికి అనుమతి దొరికినట్టవుతుంది.

రెండోది పోతారన్న భయం. బదిలీ, వీసా, వేరేచోట సంబంధం. రోజూ దొరుకుతున్నంతకాలం మన మెదడు దాన్ని లెక్కలోకి తీసుకోదు, లేకుండా పోతుందన్నప్పుడే లెక్క కడుతుంది.

మూడోది చాలామంది గమనించనిది: వేరే కారణంతో గుండె వేగంగా కొట్టుకుంటున్న సమయం. డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ 1974లో కెనడాలోని వాంకూవర్ దగ్గర కాపిలానో నది మీద ఉన్న వేలాడే వంతెనను వాడుకున్నారు. అది 450 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, కింద 230 అడుగుల లోయ. వంతెన మీద మగవాళ్లను ఒక యువతి ఆపి చిన్న ప్రశ్నావళి నింపించి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమని నంబరు ఇచ్చింది. నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది చేశారు. ఎగువన గట్టి చెక్క వంతెన మీద ఇదే చేస్తే 16 మందిలో ఇద్దరే చేశారు. భయంతో వచ్చిన దడను ఆ అమ్మాయి వల్ల వచ్చిందిగా మనసు లెక్కరాసిందని వాళ్ల వివరణ.

ఈ కథ అందరూ చెబుతారు. దీని తర్వాతి మెట్టు మాత్రం తక్కువమంది చెబుతారు, అసలు ఉపయోగపడేది అది. 1981లో గ్రెగరీ వైట్ బృందం కొందరు మగవాళ్లను ఉన్నచోటే 2 నిమిషాలు పరిగెత్తించి, కొందరిని 15 సెకన్లే పరిగెత్తించి, ఒక యువతి వీడియో చూపించింది. ఒకే యువతిని కొందరికి అందంగా, కొందరికి అనాకారిగా అలంకరించి చూపారు. ఎక్కువ పరిగెత్తినవాళ్లకు అందంగా ఉన్నామె ఇంకా ఎక్కువ నచ్చింది, అనాకారిగా ఉన్నామె ఇంకా తక్కువ నచ్చింది. దడ ఇష్టాన్ని కొత్తగా పుట్టించదు, ఉన్నదాన్ని పెంచి చూపిస్తుంది. అందుకే ఆసుపత్రిలో తోడుగా గడిపిన రాత్రి, పరీక్షా ఫలితాల రోజు, ప్రాజెక్టు గడువు ముందు తెల్లవార్లూ చేసిన పని, వరద సహాయంలో కలిసి తిరిగిన వారం, వీటి తర్వాత ప్రేమ బయటపడిందని ఎంతోమంది చెబుతారు. అలాంటి రోజున బయటపడినంత మాత్రాన అది అబద్ధం కాదు. దాని పరిమాణం మీద మాత్రం ఆ రోజు అంచనాకు రాకూడదు. ఒంట్లో అలజడి తగ్గి, రెండు వారాలు మామూలు రోజులు గడిచాక ఎంత మిగిలిందో చూడాలి.

తెలిసిన తర్వాత ఒంట్లో జరిగేది

మెదడులో డోపమిన్ గురించి వాడుకలో ఉన్న "ఆనందపు రసాయనం" అనే వర్ణన ఇక్కడ దారి తప్పిస్తుంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులతో చేసిన ప్రయోగాల్లో డోపమిన్ కణాలు బాగా స్పందించింది పళ్లరసం అనుకోకుండా దొరికినప్పుడు. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, స్పందన రసం నుంచి దీపానికి మారిపోయింది. దీపం వెలిగి రసం రాకపోతే కణాల చురుకు మామూలు స్థాయికంటే కిందికి పడిపోయింది. మనిషి సంగతికి వస్తే ఆ దీపం ఫోను మోత. పేరు తెర మీద కనబడగానే వచ్చే ఉలికిపాటు మనిషి ఎదురుగా కూర్చున్నప్పటికంటే ఎక్కువగా ఉండటం, "గుడ్ నైట్" రాని రాత్రి మామూలు రాత్రికంటే దిగులుగా ఉండటం, రెంటికీ మూలం ఇదే.

ప్రేమలో ఉన్నవాళ్ల మెదడును ఎమ్మారై స్కానులో చూసిన ఆరన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ బృందం 2005లో ఫలితాలు ప్రచురించింది. 17 మంది, ప్రేమలో పడి 1 నుంచి 17 నెలలైనవాళ్లు. ప్రియమైనవాళ్ల ఫొటో చూసినప్పుడు డోపమిన్ తయారయ్యే మధ్య మెదడు భాగం, దానితో పనిచేసే కాడేట్ అనే భాగం చురుకయ్యాయి. ఇవి దాహం, ఆకలి లాంటి కోరికలను నడిపే వ్యవస్థలో భాగాలు. అందుకే ఆ పరిశోధకులు ప్రేమను ఒక భావోద్వేగంగా కాక, ఒక గమ్యం వైపు తోసే ప్రేరణగా లెక్కవేశారు. కోపం, సంతోషం గంటలో మారతాయి. ప్రేరణ మారదు, దొరికేదాకా తోస్తూనే ఉంటుంది.

లండన్‌లో ఆండ్రియాస్ బార్టెల్స్, సెమిర్ జెకీ చేసిన స్కాన్ అధ్యయనాల్లో మరో విషయం బయటపడింది. ప్రేమించినవాళ్లను చూస్తున్నప్పుడు ఎదుటివాళ్లను తూకం వేసే, తప్పులు పట్టే పనులతో సంబంధమున్న భాగాలు నెమ్మదించాయి. 2004లో తల్లులకు తమ పిల్లల ఫొటోలు చూపిస్తే అక్కడా ఇలాగే కనిపించింది. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నది స్కానులో కూడా పట్టుబడింది. పొంగే దశలో ఎదుటి మనిషి గురించి కొత్తగా ఏర్పడే అభిప్రాయాలను ఎందుకు జాగ్రత్తగా తీసుకోవాలో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక ఆగని ఆలోచనలు. పీసా విశ్వవిద్యాలయంలో డొనటెల్లా మరాజిటి బృందం 1999లో మూడు గుంపుల రక్తం పరీక్షించింది: గత ఆరు నెలల్లో ప్రేమలో పడినవాళ్లు 20 మంది, చేసిందే చేయడం, తలచిందే తలచడం లక్షణంగా ఉన్న ఓసీడీ రోగులు 20 మంది, ఈ రెండూ లేనివాళ్లు 20 మంది. మెదడు కణాల మధ్య సంకేతాలు చేరవేసే సెరటోనిన్ అనే రసాయనాన్ని రవాణా చేసే ప్రోటీన్ మొదటి రెండు గుంపుల్లోనూ ఒకేలా తక్కువగా ఉంది. కొలిచింది రక్తకణాల్లో, మెదడులో కాదు, గుంపులూ చిన్నవి. కాబట్టి "ప్రేమంటే ఓసీడీయే" అనకూడదు. ఆలోచన ఒకేచోట చిక్కుకుపోవడానికి శరీరంలో ఆధారం ఉండొచ్చని చెప్పేంతవరకు అది సరిపోతుంది.

మన అలంకారికులు ఈ లక్షణాలను ఎన్నో శతాబ్దాల ముందే వరస కట్టారు. గ్రంథాన్నిబట్టి పేర్లు కొంచెం మారినా పది మన్మథావస్థలు ఇవి: కంటికి నచ్చడం, మనసు తగులుకోవడం, ఊహలల్లుకోవడం, నిద్ర లేకపోవడం, చిక్కిపోవడం, మరే విషయమూ రుచించకపోవడం, సిగ్గు విడిచిపెట్టడం, ఉన్మాదం, మూర్ఛ, మరణం. కవిత్వం కోసం చేసిన పట్టికలా కనిపిస్తుంది గానీ నాలుగు, ఐదు, ఆరు స్థానాలు చూడండి. నిద్ర, తిండి, ఆసక్తి. డిప్రెషన్‌ను గుర్తించడానికి ఇవాళ డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో ఈ మూడూ ఉంటాయి. చివరి స్థానంలో మరణాన్ని పెట్టినవాళ్లు ఈ స్థితి ఎంతదూరం పోగలదో తెలిసే పెట్టారు.

ఈ ఉధృతికి ఆజ్యం పోసేది అనిశ్చితి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2011 నాటి ప్రయోగంలో 47 మంది విద్యార్థినులకు కొందరు యువకుల ఫేస్‌బుక్ వివరాలు చూపించారు. ఈ యువకులకు మీరు బాగా నచ్చారని ఒక గుంపుకు, ఓ మాదిరిగా నచ్చారని రెండో గుంపుకు, ఏదో తెలియదని మూడో గుంపుకు చెప్పారు. బాగా నచ్చారని విన్నవాళ్లకంటే, ఏదో తేలనివాళ్లకే ఆ యువకుల మీద ఎక్కువ ఆకర్షణ కలిగింది, వాళ్ల గురించే ఎక్కువ ఆలోచించారు కూడా. వాట్సాప్‌లో నీలి టిక్కులు పడి జవాబు రాకపోవడం ఈ మూడో గుంపు పరిస్థితే. అక్కడ పెరిగే తపనలో ఎంత ఆ మనిషి వల్ల, ఎంత సందేహం వల్ల అన్నది లోపలున్నవాళ్లకు తెలియదు. మనస్తత్వ శాస్త్రవేత్త డొరొతీ టెనోవ్ 1979లో లిమరెన్స్ అని పేరు పెట్టిన స్థితి ఇదే: ఆశకూ నిరాశకూ మధ్య ఊగుతున్నంతకాలం బతికుంటుంది, స్పష్టమైన ఔనుతోనో కాదుతోనో మెల్లగా చల్లబడుతుంది.

ఎన్నాళ్లు

మరాజిటి బృందం కొందరిని 12 నుంచి 18 నెలల తర్వాత మళ్లీ పిలిచి చూస్తే ఆ ప్రోటీన్ మామూలు స్థాయికి వచ్చేసింది. టెనోవ్ అంచనా ఒకటిన్నర నుంచి మూడేళ్లు. పొంగు తగ్గాక ప్రేమ పోయినట్టని దీనికి అర్థం కాదు. పెళ్లయి సగటున 21 ఏళ్లయినా ఇప్పటికీ గాఢంగా ప్రేమిస్తున్నామన్న 17 మందిని బియాంకా అసెవెడో బృందం స్కాన్ చేస్తే (2012) మధ్య మెదడులో అదే చోటు చురుగ్గా ఉంది.

పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ప్రేమ సంగతి మన దగ్గర ఎప్పుడూ చర్చకొస్తుంది. 1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ జైపూర్‌లో 50 జంటలను పరిశీలించారు. ప్రేమ పెళ్లిళ్లలో మొదట ఎక్కువగా ఉన్న ప్రేమ కొలత ఐదేళ్లు దాటినవాళ్లలో తక్కువగా ఉంది, కుదిర్చిన పెళ్లిళ్లలో దానికి తలకిందులు. పెద్దలు గెలిచినట్టు దీన్ని పంచుకుంటారు గానీ, అమెరికాలోని భారతీయ దంపతుల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో రెండు రకాల పెళ్లిళ్లకూ తేడా కనబడలేదు. రెండూ చిన్న అధ్యయనాలే. నా ఉద్దేశంలో తేలేది ఇంతే: కుదిర్చిన పెళ్లిలో పేరుకునే దశ పెళ్లి తర్వాత నడుస్తుంది. అది నడవడానికి రోజూ కబుర్లు, ఇద్దరూ సమానంగా మనసు విప్పడం ఉండాలి. కొత్త కోడలు వంటింట్లో, కొడుకు హాల్లో ఉండిపోయే ఇంట్లో అది నడవదు.

ఇప్పుడేం చేయాలి

ముందు ఒక కాగితం తీసుకోండి. విషయం మీకు తెలియకముందు, అంటే ఆ మనిషిని మెప్పించాలన్న ఆలోచనే లేనప్పుడు, మీ కంటపడినవి పది రాయండి. ఆఫీసు బాయ్‌తో ఎలా మాట్లాడతారు? తీసుకున్న వెయ్యి రూపాయలు అడగకుండా తిరిగిచ్చారా? తన తప్పు బయటపడినప్పుడు ఎవరి మీదికి నెట్టారు? కోపమొస్తే గొంతు పెంచుతారా, మాట మానేస్తారా? ఇంటినుంచి ఫోనొస్తే ఎలా పలుకుతారు? మీకు ఏ స్వార్థమూ లేనప్పుడు పోగైన సాక్ష్యం కాబట్టి దీనికి విలువెక్కువ. అనుకోకుండా ప్రేమలో పడినవాళ్లకు ఉన్న పెద్ద ఆస్తి ఇది. మొదటి పరిచయంలోనే మనసు పడేసుకున్నవాళ్లకు ఇది ఉండదు. పదింటిలో నాలుగైదు కూడా రాయలేకపోతే, పేరుకున్నది తక్కువ, ఊహించుకున్నది ఎక్కువ. అప్పుడు కావలసింది ఇంకొంత మామూలు పరిచయం.

రెండోది, మూడు నెలలపాటు తిరిగి సరిదిద్దుకోలేని పనులు పెట్టుకోకండి. ఉద్యోగం మానడం, ఊరు మారడం, అప్పు తెచ్చివ్వడం, ఇంట్లోంచి వెళ్లిపోవడం. ఆ మూడు నెలల్లో ఆ మనిషిని ఒక్కసారైనా డబ్బు ఇబ్బందిలో, ఒంట్లో బాగోనప్పుడు, సొంతవాళ్ల మధ్య చూసే అవకాశం వస్తుంది. పరిచయం ఫోన్లో మాత్రమే అయితే, నిశ్చితార్థమైన జంటలతో సహా, ముఖాముఖి మామూలు పనులు కలిసి చేయండి. బ్యాంకు పని, ఆసుపత్రి క్యూ, నాలుగు గంటల బస్సు ప్రయాణం. రాత్రి పదకొండు తర్వాతి ఫోను గొంతులో ఎవరైనా బాగుంటారు.

మూడోది నిద్ర. ఫోను పడకగది బయట పెట్టండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి లాస్ట్ సీన్, రీడ్ రిసీట్స్ ఆపేయండి. రీడ్ రిసీట్స్ ఆపితే వాళ్ల నీలి టిక్కులు మీకూ కనబడవు, మీకు కావలసింది అదే. నిద్ర లేని వారం తర్వాత తీసుకున్న నిర్ణయాన్ని ప్రేమ తీసుకున్నదిగా లెక్కవేయకండి.

చెప్పే పద్ధతి గురించి. ఇద్దరూ సులువుగా లేచి వెళ్లిపోగల చోట, పగటిపూట, మూడోమనిషి లేకుండా చెప్పాలి. స్నేహితుల చేత కబురు పంపడం, పుట్టినరోజు పార్టీలో అందరి ముందు అడగడం ఎదుటివాళ్లను ఇరుకున పెట్టడమే. మాట చిన్నదిగా ఉండాలి: "మీమీద నాకు ఇష్టం కలిగింది. మీకూ ఉందేమో తెలుసుకోవాలనిపించింది. లేకపోయినా మన మాటలు మామూలుగానే ఉంటాయి, ఇప్పుడే చెప్పక్కర్లేదు." అంతే. నెలల తరబడి తాను పడిన బాధ ఏకరువు పెట్టకండి, అది ఎదుటివాళ్ల మీద బాకీ వేసినట్టవుతుంది. వారం పది రోజులు మీరు ఆ ప్రసక్తి తేవద్దు. సమాధానం రాకపోతే అది కూడా సమాధానమే. మీరు పైఅధికారి, వాళ్లు మీ కింద పనిచేసేవాళ్లు అయితే మీరు అడగకూడదు. వద్దని చెప్పే స్వేచ్ఛ వాళ్లకు నిజంగా ఉండదు. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం చూసేది కూడా ఎదుటివాళ్లకు అది ఇష్టమా కాదా అన్నదే, మీ ఉద్దేశాన్ని కాదు.

ఇప్పటికే పెళ్లయినవాళ్లకు ఇది జరిగితే, భావం కలగడం నేరమేమీ కాదు, కానీ పేరుకునే దారి తెలిసింది కాబట్టి దాన్ని ఆపడం చేతిలో ఉంది. ఇంట్లో చెప్పని విషయాలు అక్కడ చెప్పడం మానాలి. టీ విరామాలు నలుగురితో కలపాలి. కనబడటం తప్పకపోయినా మనసు విప్పడం ఆపితే చాలావరకు తగ్గుతుంది.

ఇంట్లో ఒప్పుకోకపోతే ప్రేమ ఇంకా గట్టిపడుతుందని మనవాళ్ల నమ్మకం. 1972లో రిచర్డ్ డ్రిస్కాల్ బృందం 140 జంటల అధ్యయనంలో అలాగే తేల్చింది. కొలీన్ సింక్లెయిర్ బృందం 2014లో అదే పద్ధతిలో మళ్లీ చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. వ్యతిరేకత ఉన్నచోట ప్రేమ, నమ్మకం తక్కువగా, అయినవాళ్ల ఆమోదం ఉన్నచోట ఎక్కువగా కనిపించాయి. కులం, మతం అడ్డొచ్చే మన ఇళ్లలో దీన్ని ప్రేమికులూ గుర్తుంచుకోవాలి, తల్లిదండ్రులూ గుర్తుంచుకోవాలి. పోరాటంలో వచ్చిన ఆవేశం పోరాటం ముగిశాక ఉండదు. కాబట్టి ఇంట్లో ఒక్కరినైనా, మేనత్తనో బాబాయినో అక్కనో, ముందుగా మీ వైపు తెచ్చుకోవడానికి వెచ్చించిన నెలలు వృథా కావు.

కాదన్న సమాధానం వస్తే. ఇటీవలే తిరస్కారానికి గురై ఇంకా ప్రేమిస్తున్న 15 మందిని ఫిషర్ బృందం స్కాన్ చేసింది (2010). ప్రేమలో చురుగ్గా ఉండే మధ్య మెదడు భాగం అప్పుడూ చురుగ్గానే ఉంది, దానికి తోడు శారీరక నొప్పికి, మత్తు అలవాటుకు సంబంధించిన చోట్లు కూడా. కాదని విన్నాక కోరిక పెరిగినట్టు అనిపించడం అందుకే. అదే అధ్యయనంలో రోజులు గడిచినవాళ్లలో అనుబంధంతో సంబంధమున్న ఒక భాగంలో చురుకు తగ్గుతూ కనిపించింది. అలా తగ్గడానికి కావలసింది, కోతుల ప్రయోగంలోని దీపంలా ఆశ రేపే ఫోను మోత లేకపోవడం. చాట్ ఆర్కైవ్ చేయాలి, స్టేటస్ మ్యూట్ చేయాలి, ఫొటోలు ఒక పెన్ డ్రైవ్‌లో వేసి వేరేవాళ్లకు ఇవ్వాలి. "స్నేహితులుగా ఉందాం" అన్న మాటను వెంటనే అమలు చేయకండి. కొన్ని నెలలు దూరం ఇవ్వండి, లేకపోతే అనిశ్చితి మళ్లీ మొదలవుతుంది. ఒకే ఆఫీసయితే పని మాటలు మెయిల్లో పెట్టుకోండి, భోజనం వేళ మార్చుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, ఆసక్తి మూడూ దెబ్బతినే ఉంటే, లేదా చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఎవరికీ చెప్పుకోలేనిదని లోపల పెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.